మా బడికి వైరు వేసిన వేసవి

ఆ వేసవిలో మా ఇంట్లో ఎవరూ కూర్చున్నచోట కుదురుగా కూర్చోలేదు. నా కొడుకు సగం భోజనంలో లేచి నిలబడేవాడు. కోడలు బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ బకెట్ అక్కడే వదిలేసి ల్యాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తేది. నేను బడి తాళాల గుత్తి ఇంట్లో కూడా చేతిలోనే పట్టుకుని తిరిగేదాన్ని. ఎందుకు పట్టుకున్నానో నాకే తెలిసేది కాదు.

అంతా ఒక్క విషయం గురించి. వచ్చే ఏడు నుంచి పిల్లల పరీక్షలు కంప్యూటర్ల మీదే అన్నారు. సెలవులయ్యేలోగా గదులన్నిటికీ నెట్ రావాలి. అది వైరు వేసి తెప్పించాలా, వైఫై పెట్టి తెప్పించాలా? పరీక్షించి తేల్చి చెప్పమని బడి కమిటీ మా కోడలికి అప్పగించింది. ఆమె మా బళ్ళో కంప్యూటర్ టీచరు. నేను అదే బళ్ళో ఆయాను. నా కొడుకు వైర్‌మ్యాను.

ఇక చెప్పేదేముంది.

కట్టే మేడల్లో పైపులు పెట్టి వైర్లు లాగడం వాడి పని. ఆ మేడలు ఎప్పుడూ ఇంకో ఊళ్ళోనే లేస్తాయి. వాడు ఎప్పుడో ఒకసారి ఇంటికొస్తే మా మనవరాలు నా వెనక నక్కి, ఎవరో కొత్తాయన వచ్చినట్టు చూసేది. దాన్ని మేమందరం పిట్ట అంటాం. ఆ వేసవి మొదట్లో వాడు సంచీ దించుతూనే చెప్పాడు.

"బడికి వైరు వేస్తే ఆ పని నాదేనమ్మా. ఫ్యాను తిరక్కపోయినా, బల్బు వెలక్కపోయినా నన్నే పిలుస్తారు కదా, దీనికి మాత్రం ఇంకెవర్ని పిలుస్తారు? వేశాక బాగుచేతలు కూడా నావే. ఇక ఊళ్ళు తిరిగే పని లేదు."

పిట్ట మెల్లిగా వాడికి అలవాటు పడింది. మొదట వాడి స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుంది. తర్వాత వాడి భుజమెక్కింది. ఆ తర్వాత దింపితే ఏడవడం మొదలుపెట్టింది.

మొదటి మీటింగుకి టీ తీసుకెళ్ళింది నేనే. పెద్దమేడం పక్కన మందుల షాపాయన కూర్చున్నాడు. కమిటీ డబ్బులు చూసేది ఆయనే. మనిషి చెడ్డవాడు కాదు. డబ్బులడక్కుండా పిల్లలకి జ్వరం మాత్రలిచ్చిన రోజులున్నాయి. కానీ చిల్లర రెండోసారి లెక్కపెట్టుకున్నట్టు మనుషుల్ని కూడా రెండోసారి చూసుకుంటాడు.

"టీచరమ్మా, మీకొచ్చిన కష్టం పగవాళ్ళకి కూడా వద్దు," అన్నాడు టీ అందుకుంటూ. "మీరు వైరంటే మాకు అనుమానం. వైఫై అంటే ఇంట్లో మీ ఆయనకి కోపం. ఎటు తిరిగినా గోడే."

అందరూ నవ్వారు. పెద్దమేడం కూడా కప్పు అడ్డం పెట్టుకుని నవ్వింది. మా కోడలూ నవ్వింది కానీ ఆమె చెవులు ఎర్రబడటం నేను చూశాను.

ఇంటికి నడుస్తున్నంతసేపూ అదే మాట. "అంటే ఏంటత్తయ్యా? మా ఆయన కోసం నేను బడి గోడలన్నీ తవ్విస్తాననా? నేను చదువుకున్నది దానికా?"

"ఆయనేదో సరదాకి అన్నాడులే."

"సరదాకి అన్నదే ఊరంతా తిరుగుతుంది. చూస్తుండండి. వైఫైకే ముందు పరీక్ష పెడతాను. పనిచేస్తే అదే పెట్టిస్తాను. ఎవరికీ మాట అనే సందు ఉండదు."

వైఫై కంపెనీవాళ్ళు చూసుకోమని ఒక తెల్ల డబ్బా ఇచ్చారు. దాన్ని వరండాలో పైన బిగించాలి. నిచ్చెన కావాలి. నిచ్చెన మా ఇంట్లోనే ఉంది. నా కొడుకు దాన్ని భుజాన వేసుకుని బడికొచ్చి, తనే ఎక్కి, తనే డబ్బా బిగించాడు.

"నా గొయ్యి నేనే తవ్వుకుంటున్నా, చూడమ్మా," అన్నాడు పైనుంచి.

"వంకరగా పెట్టావు," అంది కింద నుంచి కోడలు.

"గొయ్యి వంకరైతేనేం టీచరమ్మా, పడేది నేనేగా?"

ఇంట్లో కూడా పెళ్ళాన్ని టీచరమ్మా అనే పిలుస్తాడు. ఆమె మూతి ముడుచుకుని నవ్వాపుకుంది. అప్పటికింకా ఇద్దరి మధ్యా అలాంటి మాటలు నడుస్తూనే ఉన్నాయి.

నేను ముందు నడుస్తూ ఒక్కో గది తాళం తీస్తుంటే ఆమె ల్యాప్‌టాప్ చేతుల్లో పెట్టుకుని వెనకాలే వచ్చింది. వాడు పిట్టని ఎత్తుకుని మా వెనక.

"ఈ గోడల మందం చూశావా?" అంటాడు వాడు. "పాతకాలం రాయి. నీ వైఫై రెండో గది దాటదు. కావాలంటే రాసిస్తా."

రెండో గది దాటింది. మూడోదీ దాటింది. మెట్ల వెనక చివరి గదిలో సెలవులు కాబట్టి బల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. ఆమె ఆ బల్లల మధ్య దూరి, ల్యాప్‌టాప్ పైకెత్తి, "వచ్చింది!" అని అరిచింది. ఖాళీ బడి అంతా ఆ అరుపు తిరిగింది. పిట్ట కూడా "వచ్చింది" అని అరిచింది.

"వస్తే వచ్చిందిలే," అన్నాడు వాడు. పిట్టని నాకిచ్చి నిచ్చెన మడత పెట్టుకున్నాడు. కోడలు అక్కణ్ణుంచే పెద్దమేడంకి ఫోన్ చేసి వైఫై బాగుందని చెప్పింది.

వయసైపోయాక నేను అక్షరాలు దిద్దింది ఈ కోడలి దగ్గరే. బడి వదిలాక గదుల తలుపుల మీద రాసినవి చూపించి చదివించేది. తప్పు చదివితే ఎప్పుడూ నవ్వలేదు. అందుకే కొడుకు తరఫున మాట్లాడటానికి నాకు నోరు రాలేదు. కోడలి తరఫున మాట్లాడాలంటే భుజం మీద పిట్టతో తిరిగే కొడుకు కనిపించేవాడు.

వాడు ఊరుకుంటాడా? నేను పాత్రలు తోముతుంటే వచ్చి పక్కన కూలబడ్డాడు.

"నువ్వు చెప్పమ్మా. నీ మాట వింటుంది."

"ఏం చెప్పనురా? వైరంటే బట్టలారేసుకునేదని తప్ప నాకింకేం తెలుసు?"

"అదే చెప్పు. వైఫై మీద ఆరేసుకోలేం అని చెప్పు."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వయ్యాక వాడు లేచి గేటు దాకా వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ గేటు దాకా వెళ్ళాడు.

నెగ్గిన మనిషి హాయిగా ఉండాలి కదా. కోడలికీ నిద్ర లేదు. కమిటీకి చెప్పడానికి రాసుకున్న కాగితాలు చదవడం, పక్కన పడేయడం, మళ్ళీ తియ్యడం. ఒకరోజు పొద్దున్న పళ్ళు తోముకుంటూ తోముకుంటూ ఆగిపోయింది.

"అత్తయ్యా, మనం ఖాళీ గదుల్లో చూశాం కదా."

"ఊఁ."

"పిల్లలు లేరు."

"సెలవులు కదా మరి. ఎక్కడుంటారు?"

"అందుకే," అంది. నోట్లో నురగతోనే నిలబడిపోయింది.

పై తరగతి పిల్లలు కొందరు సెలవుల్లో కూడా చదువుకోవడానికి వచ్చేవాళ్ళు. ఆమె వాళ్ళనీ, వాళ్ళ స్నేహితుల్నీ పోగు చేసింది. పెద్ద హాల్లో బల్లలు వేయించి, ఉన్న కంప్యూటర్లన్నీ బయటికి తీయించింది. హాలు నిండిపోయింది. చెమట, గుసగుసలు, కుర్చీల కీచుమనడం. సెలవుల్లో మా బడి అలా ఉండటం నాకు వింతగా అనిపించింది.

"ఇది ఉత్త పరీక్ష. మార్కులు లేవు," అని చెప్పింది. "నేను చెప్పగానే అందరూ ఒకేసారి మొదలుపెట్టాలి."

మొదట బాగానే నడిచింది. నేను తలుపు దగ్గర నిలబడి, ఇక అయిపోయిందనుకున్నాను. కాసేపటికి ఒకడు చెయ్యెత్తాడు. తర్వాత ఇద్దరు. తర్వాత ఆ వరసంతా. అందరి తెరల మీదా చిన్న చక్రం ఒకటి తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. కోడలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి పరుగెత్తింది. చివరి వరసలో ఒక పిల్ల లేచి నిలబడింది.

"మేడం, నావన్నీ పోయాయి."

"ఏం పరవాలేదమ్మా. ఉత్త పరీక్షేగా ఇది."

"ఉత్తదే మేడం. కానీ నేను రాశాను కదా," అని ఆ పిల్ల ఏడ్చింది.

కోడలు దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. పిల్లలు వెళ్ళిపోయాక ఇద్దరం కలిసి కుర్చీలు సర్దాం.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర తనే చెప్పింది. నా కొడుకు గెలిచినట్టు ఎగురుతాడనుకున్నాను. వాడు ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"డబ్బాలు ఇంకా పెడితే?" అన్నాడు.

"కొంత నయం. ప్రతి డబ్బాకీ వెనక మళ్ళీ వైరు కావాలి. అయినా ఒకే హాల్లో అంతమంది ఒకేసారి మొదలుపెడితే నేను పూచీ పడలేను. పరీక్ష రాసే చోట వైరే ఉండాలి."

"మరి అదే చెప్పు."

"ఎలా చెప్పను? మీటింగులో మందుల షాపాయన అన్న మాట నీకు చెప్పలేదా నేను? మొన్నటి దాకా వైఫై బాగుందని చెప్పి ఇప్పుడు వైరంటే, రాత్రికి రాత్రి మొగుడు మార్చేశాడంటారు."

"పని ఇంకెవరికైనా ఇమ్మను."

"నీ నోటి దగ్గర కూడు తీసి నేనే పక్కవాడికి పెట్టాలా? పోనీ పెట్టాననుకో. నువ్వు ఈ ఊళ్ళోనే ఉంటావు. వెనకుండి నువ్వే చేయిస్తున్నావంటారు."

"అయితే ఏం చెప్తావు?"

"వైఫైయే అంటాను. డబ్బాలు ఎక్కువ పెట్టమంటాను."

"పరీక్షలో పిల్లల జవాబులు పోతే?"

"పోతే నా పేరు అప్పుడు పోతుంది. వైరంటే ఇప్పుడే పోతుంది." ఆమె కంచం ముందు నుంచి లేచిపోయింది.

వాడూ లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, తిరిగొచ్చాడు.

"తినరా," అన్నాను.

"గోడల గురించి నేనన్నది తప్పేనమ్మా," అన్నాడు. "పిల్లల గురించి అది చూసింది తప్పు కాదు." ఇక తినలేదు.

రెండో మీటింగు రోజు పొద్దున్నే నేను బడికి వెళ్ళి వరండా ఊడుస్తున్నాను. గేటు చప్పుడైంది. నా కొడుకు. చేతిలో పనిముట్ల సంచీ, భుజాన బట్టల సంచీ.

"మేడ పని ఒప్పుకున్నానమ్మా. బస్సుకి టైమైంది."

చీపురు నా చేతిలోనే ఉండిపోయింది. "దానికి చెప్పావా?"

"చెప్తే కదలనివ్వదు. మీటింగులో అది నోరు తెరిచేలోపు నువ్వు చెప్పు. అందరూ వినేలా చెప్పు."

"అందరి ముందూ నేనా? ఆ గదిలో టీ ఇవ్వడం తప్ప ఎప్పుడైనా నోరు విప్పానట్రా?"

"ఒక్క మాటేగా. బడి పని నేను చెయ్యను, ఊళ్ళో కూడా లేను. అంతే."

"పిట్ట?"

"పడుకుంది," అన్నాడు. నా వైపు చూడలేదు. వరండాలో స్విచ్ బోర్డు ఒకటి వదులుగా వేలాడుతోంది. సంచీ దించి, స్క్రూ బిగించి, ఒకసారి లాగి చూశాడు. "వెళ్ళొస్తా," అని వెళ్ళిపోయాడు. నేను ఆపలేదు. ఆపితే ఆగేవాడు. అది తెలిసే ఆపలేదు.

కోడలు పిట్టని పక్కింటి పిన్నిగారి దగ్గర వదిలి వచ్చింది. "మీ అబ్బాయి ఎక్కడత్తయ్యా? పొద్దున్నే మాయం."

"పని మీద వెళ్ళాడు," అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆ తర్వాత ఆమె ఎదురుపడకుండా తిరిగాను. తుడిచిన బల్లలే మళ్ళీ తుడిచాను. టీలో పంచదార వేశానో లేదో గుర్తుకురాక మూడుసార్లు రుచి చూశాను.

అందరూ వచ్చి కూర్చున్నారు. మందుల షాపాయన కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"ఊఁ, చెప్పండి టీచరమ్మా. వైరా, వైఫైయా? మీ ఇంట్లో ఎవరు గెలిచారు?"

మళ్ళీ నవ్వులు. కోడలు కాగితాలు పట్టుకుని లేచింది. గొంతు సవరించుకుంది. నేను పళ్ళెం పట్టుకుని ఆమె పక్కనే ఉన్నాను.

"మా అబ్బాయి ఊరెళ్ళిపోయాడు," అన్నాను.

పెద్దమేడం తలెత్తింది. "ఏంటి ఆయమ్మా?"

"మేడ పనికి వెళ్ళిపోయాడు మేడం, పొద్దున బస్సుకి. బడి పని ఏదైనా సరే వాడు చెయ్యడు. మీకు చెప్పమన్నాడు."

"ఎప్పుడొస్తాడు?" అని అడిగాడు మందుల షాపాయన. "తెలీదండీ," అన్నాను.

కోడలు నా మొహంలోకి చూసింది. అంత సేపు ఆమె నన్నెప్పుడూ అలా చూడలేదు. తర్వాత చేతిలో కాగితాలకేసి చూసుకుంది. వాటిని బల్ల మీద బోర్లా పెట్టింది.

"పిల్లల్ని కూర్చోబెట్టి చూశాను," అని మొదలుపెట్టింది.

హాల్లో జరిగిందంతా చెప్పింది. ఖాళీ గదుల్లో చూసి వైఫై బాగుందన్నది తన పొరపాటేనంది. పరీక్ష హాలుకీ తరగతి గదులకీ వైరు వేయించమంది, వరండాలకీ టీచర్ల గదికీ వైఫై చాలంది. ఎవరేం అడిగినా చెప్పింది. ఆమె గొంతు తొణకలేదు. నా చేతిలో పళ్ళెం తొణికింది. మందుల షాపాయన సాసర్ నిండా టీ ఒలకబోశాను. ఆయన సాసర్‌లోదే తాగాడు.

ఇంటికొచ్చాక అడిగింది. "మీకు పొద్దున్నుంచీ తెలుసా?"

"తెలుసు."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"అనిపించింది."

ఆమె లోపలికి వెళ్ళి, మడత పెట్టిన బట్టలన్నీ విప్పి మళ్ళీ మడత పెట్టింది. ఆ తర్వాత చాలా రోజులు నాతో కావలసిన మాటే మాట్లాడింది. పిట్టకి పాలు కాచారా, గేటు వేశారా, అంతే. వాడు ఫోన్ చేస్తే పిట్టకి ఇచ్చేది. పిట్ట సాయంత్రాలు గేటు కమ్మీలు పట్టుకుని నిలబడేది. సంచీతో ఎవరు కనిపించినా నాన్నా అని పిలిచేది. వాళ్ళు వెళ్ళిపోతే లోపలికొచ్చి, "ఆ నాన్న కాదు," అని నాకు చెప్పేది.

బడి పనికి కమిటీ పిలిస్తే, ఊళ్ళో వైరింగ్ చేసే పొట్టి మేస్త్రి వచ్చాడు, తన మనుషుల్ని వెంటేసుకుని. గోడలకి కన్నాలు పడ్డాయి. నేను ఊడ్చిన చోటే మళ్ళీ దుమ్ము. కోడలు ఒక్క కన్నం దగ్గర కూడా వాళ్ళని వదల్లేదు. ఇక్కడ వంచకండి, అక్కడ కరెంటు వైరుకి దూరంగా పోనివ్వండి అంటూ వాళ్ళతో పాటే స్టూళ్ళెక్కింది. జుట్టంతా తెల్లటి పొడి.

మందుల షాపాయన చూడటానికొచ్చాడు. గోడ మీది పైపుని వేలితో కొట్టి చూసి, నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"ఆయమ్మా, ఈ పొట్టి మేస్త్రి మీవాడికి స్నేహితుడటగా?"

నాకు ఒళ్ళు మండింది. "ఒకే ఊళ్ళో ఒకే పని చేసేవాళ్ళకి ఒకళ్ళకొకళ్ళు తెలీకుండా ఎలా ఉంటుందండీ? మీ వీధి చివర మందుల షాపాయన మీకు తెలీదా?"

"తెలుసు," అన్నాడాయన. "తెలుసు కాబట్టే అడుగుతున్నా."

పైన స్టూలు మీద నవ్వు వినిపించింది. కోడలు. గోడకి నుదురానించి నవ్వుతోంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటే బుగ్గ మీద పొడి చారికలు పడ్డాయి. ఆయన వెళ్ళాక కిందికి దిగింది.

"ఇందుకా అత్తయ్యా మీ అబ్బాయి ఊరొదిలి వెళ్ళింది? ఈయన నోరు మూయించడానికా?"

"ఈయన నోరు మూయించడానికి కాదు," అన్నాను. "నీ నోరు తెరిపించడానికి."

ఆమె నా చేతిలో చీపురు తీసుకుని ఆ గది తనే ఊడ్చింది.

సెలవులైపోయాయి. బడి నిండింది. మొదటి పరీక్ష రోజున హాల్లో మొదటి జట్టు పిల్లలు కూర్చున్నారు. నేను తలుపు బయట నిలబడ్డాను. లోపల కోడలు బల్లల మధ్య అటూ ఇటూ తిరుగుతోంది. ఎవరైనా చెయ్యెత్తితే ఇద్దరం ఉలిక్కిపడ్డాం. ఒకడు మంచినీళ్ళడిగాడు. ఒకమ్మాయి బయటికి వెళ్ళొస్తానంది. అంతకు మించి ఏమీ జరగలేదు.

టైమయ్యాక పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు. లెక్కలు తిట్టారు. ప్రశ్నలు తయారుచేసినవాళ్ళని తిట్టారు. నెట్ గురించి ఒక్కళ్ళూ మాట్లాడలేదు.

కోడలు వచ్చి వరండా మెట్ల మీద నా పక్కన కూలబడింది. ఫోన్ మోగింది. ఈసారి తనే ఎత్తింది. నాకూ వినపడేలా పెట్టింది.

"ఎలా నడిచింది?" అన్నాడు నా కొడుకు. వెనక ఎక్కడో సుత్తి దెబ్బలు.

"పిల్లలు లెక్కల్ని తిడుతున్నారు."

"నెట్‌ని?"

"దాని ఊసే ఎత్తలేదు."

వాడు గట్టిగా ఊపిరి వదలడం నాక్కూడా వినిపించింది.

"ఎప్పుడొస్తావు?" అంది ఆమె. సరిగ్గా వినపడలేదేమో, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. ఊఁ అంది. మళ్ళీ ఊఁ అంది. "సరే, జాగ్రత్త," అని పెట్టేసింది.

"ఏమంటాడు?"

"ఇంకా పైకప్పే పడలేదట అత్తయ్యా." ఫోన్‌ని అరచేతిలో అటూ ఇటూ తిప్పింది. "ఇది అయితే పక్కనే ఇంకోటి మొదలుపెడతారట. దానికీ తననే ఉండమంటున్నారట."

నేను ఆమె వీపు మీద చెయ్యి వేశాను. తియ్యమనలేదు.

రెండో జట్టు పిల్లలు వరండాలో తోసుకుంటున్నారు. నేను లేచి గంట కొట్టాను. ఆమె వెళ్ళి హాలు తలుపు తెరిచి పట్టుకుని, ఒక్కొక్కళ్ళనే లోపలికి పంపింది.